సొవెటో విద్యార్థులు - బోధనభాషా సమస్య

భాష కొరకు ప్రాణములర్పించిన విద్యార్థుల ప్రసక్తి వచ్చినపుడు 1952 నాటి ఢాకాతో పాటు 1976 నాటి సొవెటోను గూడ స్మరించుట కలదు. ఢాకా విషయమున సందేహము లేదు. అచ్చటి యువకులు తమ తల్లిభాషయగు వంగభాషకు రాజ్యమున స్థానము కోరి తుపాకిగుండ్లకు బలియైరి. సొవెటో కథ అంత సుళువైనది కాదు. దక్షిణాఫ్రికాలో జోహానెస్‌బర్గు నగరమునకు నైరృతి దిక్కున, నల్లవారి నివాసమునకై ప్రత్యేకింపబడిన ఆ పేటలో 1976 జూన్ 16వ తేదీన వీధులలోనికి వచ్చిన బాలబాలికలు తమ మాతృభాషలో బోధన కావలెనని కోరలేదు. మాతృభాషలో బోధన వారికి అంతకు ఇరువది యేండ్ల ముందుగనే ప్రభుత్వము చట్టము ద్వారా విధించి యుండెను. వారి తల్లిదండ్రులలో పెక్కుమంది దానిని శంకతో చూచిరి, కొందరు ద్వేషించిరి.

మాతృభాషా బోధనయే తమ వృత్తిధర్మముగా నెంచు అల్పసంఖ్యాక భాషా పాఠశాలల వారికి ఈ మాట మింగుడుపడునది కాదు. అందువలననే ఆ చరిత్రను కొంత విపులముగ పరిశీలింపవలసి యున్నది.

1948లో దక్షిణాఫ్రికా ప్రభుత్వము ఆఫ్రికానర్ల జాతీయపక్షము చేతిలోనికి వచ్చెను. ఆఫ్రికానర్లనగా పదునేడవ శతాబ్ది నుండి హాలండు మొదలగు దేశముల నుండి వచ్చి స్థిరపడిన తెల్లవారి సంతతి. వీరి భాష ఆఫ్రికాన్స్. డచ్చిభాష నుండి పుట్టినది. అంతవరకు నల్లవారి చదువు చాలభాగము క్రైస్తవ మిషనుల పోషణలో నుండెను. అది సర్వోత్తమమైన చదువని చెప్పుటకు వీలులేదు. మిషనులకు ధనము చాలదు. బడి మొగము చూడని పిల్లలే యెక్కువ. అయినను లవ్‌డేల్, హీల్డ్‌టౌన్, ఆడమ్స్ కళాశాల వంటి చోట్ల చేరిన నల్లయువకుడు తెల్లవాడు చదివిన పుస్తకమునే చదివెడివాడు. నెల్సన్ మండేలా హీల్డ్‌టౌనులో చదివి, 1916లో స్థాపితమైన ఫోర్ట్ హేర్ కళాశాలలో చేరినవాడే. కొత్త ప్రభుత్వమునకు కంటగింపైనది ఈ కొద్దిమందియే.

నల్లవారి విద్యను గూర్చి 1949లో ఒక విచారణసంఘము నియమింపబడెను. దాని అధ్యక్షుడు ఐసెలెన్. ఇతడు జర్మను మిషనరీ కుమారుడు. నల్లవారి భాషల నెరిగిన మానవశాస్త్రాచార్యుడు. వారి భాషలయందు ఇతనికి ఆదరము లేదని ఎవరును అనజాలరు. ఆ ఆదరము ఎట్టి పనికి ఉపకరించినదో గమనింపవలెను. 1951లో సంఘము నివేదిక నొసగెను. దాని ననుసరించి 1953లో బాంటు విద్యాచట్టము వచ్చెను. మిషను పాఠశాలలకు సర్కారు సహాయము నిలిచిపోయెను. పాఠశాలలు దేశీయవ్యవహారముల శాఖ క్రిందికి పోయెను. ఆడమ్స్ కళాశాల 1956లో మూతపడెను. ఆ శాఖ మంత్రియగు వెర్వూర్డ్ 1954లో పార్లమెంటు ఎగువసభలో తన యభిప్రాయమును దాచుకొనలేదు. కొన్ని రకముల కాయకష్టమునకు మించి తెల్లవారి సంఘములో నల్లవానికి చోటు లేదనియు, వానికి మేయుటకు హక్కులేని పచ్చికబీళ్ళను చూపు చదువు వానిని మోసపుచ్చుటయే యగుననియు ఆయన వాదించెను. పాలకులు ఇట్టి మాటలను సాధారణముగ మరుగున నుంచుదురు. ఇతడు బహిరంగముగ పలుకుట వలన చరిత్రకారుల పని తేలికయైనది.

ధనవిషయమున గూడ నిర్ణయము స్పష్టముగ నుండెను. ప్రభుత్వము ఏటికి 65 లక్షల పౌనులకు మించి ఈయదు. ఆపైన కావలసినది నల్లవారు చెల్లించు పన్నుల నుండియే రావలెను. పిల్లలు పెరిగిరి, ఆ మొత్తము పెరుగలేదు. చిన్న తరగతులలో ఒకే ఉపాధ్యాయుడు ఉదయము ఒక జట్టునకు, మధ్యాహ్నము మరియొక జట్టునకు బోధించు పద్ధతి వచ్చెను. 1975 ప్రాంతమున ప్రభుత్వము తెల్లపిల్లవానిపై ఏటికి 644 రాండ్లు వ్యయము చేయుచుండగా నల్లపిల్లవానిపై వ్యయమైనది 42 రాండ్లు.

ఈ పద్ధతి నెదిరించినవారిలో ఉపాధ్యాయులు ముందుండిరి. ఐసెలెన్ నివేదికపై ప్రచారము చేసిన నేరమునకు సొవెటోలోని ఓర్లాండో ఉన్నతపాఠశాల నుండి 1952లో ముగ్గురు ఉపాధ్యాయులు తొలగింపబడిరి. వారిలో నొకడైన ఎంఫాలేలె తరువాత ప్రవాసమునకు పోయి ఆఫ్రికా రచయితలలో ప్రసిద్ధి కెక్కెను. అనంతరకాలమున ఆర్చిబిషప్పుగ లోకమెల్ల నెరిగిన డెస్మండ్ టుటు, ఈ చట్టమును సహింపలేక బడిపంతులుద్యోగమును వదలుకొని మతసేవలో ప్రవేశించినవాడు. అందరికిని అట్టి సాహసము సాధ్యము కాదు. చాలమంది ఉపాధ్యాయులు కుటుంబభారము మోయుచు, మనసు చంపుకొని, ఇచ్చిన పాఠమునే చెప్పిరి. వారిని నిందించుట తగదు.

ఇక మాతృభాష సంగతి. ఈ చట్టమునకు పూర్వము మొదటి నాలుగు తరగతులకు పరిమితమై యున్న మాతృభాషా బోధన క్రమక్రమముగ ప్రాథమిక విద్యలోని ఎనిమిది సంవత్సరములకు విస్తరింపబడెను. జూలూ పిల్లలకు జూలూ బడి, సోతో పిల్లలకు సోతో బడి, త్స్వానా పిల్లలకు త్స్వానా బడి. గనులలోను కర్మాగారములలోను పనికై పలుప్రాంతముల నుండి వచ్చిన జనము సొవెటోలో ఒకే వీధిలో కలసి జీవించుచు, ఒకరి భాష నొకరు మాటలాడుచుండగా, వారి పిల్లలు మాత్రము తెగలవారీగ వేరుచేయబడిరి. 1959లో విశ్వవిద్యాలయముల చట్టము వచ్చి ఈ విభజనమును పై చదువులకు గూడ ప్రాకించెను. షోసాలకు ఫోర్ట్ హేర్, జూలూలకు జూలూలాండ్, ఉత్తరప్రాంతపు భాషలవారికి టర్‌ఫ్లూప్, భారతసంతతివారికి దర్బనులో మరియొకటి. ఫోర్ట్ హేరులో ఆచార్యుడుగ నున్న జెడ్. కె. మాథ్యూస్ ఆ సంవత్సరమే రాజీనామా చేసెను.

యునెస్కో సంస్థ విద్యలో దేశభాషల వినియోగమును గూర్చి ప్రసిద్ధమైన తన గ్రంథమును ప్రకటించినదియు 1953లోనే. పిల్లవానికి మొదట అతని తల్లిభాషలోనే బోధింపవలెనని, ఆ భాషను సాధ్యమైనంత పై తరగతుల వరకు కొనసాగింపవలెనని అందు నిపుణులు చెప్పిరి. అదే సంవత్సరమున వచ్చిన బాంటు విద్యాచట్టపు భాషావిధానమును, యునెస్కో సలహాను ప్రక్కప్రక్కన నుంచి చదివినచో రెండును ఒకే మాట చెప్పుచున్నట్లు తోచును. శిక్షణశాస్త్రము రెండింటను ఒక్కటే. వాని నడుమ భేదము భాషలో లేదు. ఆ చదువు ఎక్కడికి కొనిపోవుననుటలో నున్నది. దానిని నిర్ణయించువారెవరనుటలో నున్నది. న్యాయస్థానము, కార్యాలయము, వైద్యవిద్య, వార్తాపత్రిక, ఆస్తి కొనుగోలు - ఇవి యన్నియు ఆంగ్లమునకో ఆఫ్రికాన్సునకో చెందియున్న దేశమున, ఎనిమిదేండ్లు జూలూలో చదివి బడి మానిన బాలునికి పాలకులు చూపు త్రోవ గని, వంటయిల్లు, పొలము మాత్రమే. తల్లిభాష అచ్చట వానికి ఇల్లు కాలేదు. ఆవరణపు గోడ యయ్యెను.

తల్లిదండ్రులు చదువురానివారైనను ఈ సంగతిని చక్కగ గ్రహించిరి. తల్లిదండ్రులకు తమ బిడ్డల విద్యారీతిని ఎన్నుకొను హక్కు ముందుగ కలదని 1948 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మానవహక్కుల ప్రకటనలో ఇరువదియారవ అధికరణము చెప్పుచున్నది. ఆ ప్రకటనకు అనుకూలముగ ఓటు వేయక తటస్థముగ నుండిన దేశములలో దక్షిణాఫ్రికా యొకటి.

ఉన్నతపాఠశాలలలో ఆంగ్లమును, ఆఫ్రికాన్సును సమముగ బోధనభాషలు కావలెనను నియమము చాలకాలము కాగితముపైననే యుండెను. ఆఫ్రికాన్సులో పాఠము చెప్పగల నల్ల ఉపాధ్యాయులు లేకుండుటచే మినహాయింపులు లభించుచుండెను. పాఠములు చాలవరకు ఆంగ్లములోనే జరిగెను. 1974లో దక్షిణ ట్రాన్స్‌వాల్ ప్రాంతపు అధికారులు ఆ మినహాయింపులను ప్రక్కకు నెట్టిరి. అయిదవ స్టాండర్డు నుండి గణితమును, సాంఘికశాస్త్రమును ఆఫ్రికాన్సులో చెప్పవలెను. సామాన్యవిజ్ఞానమును, వడ్రంగము, కుట్టుపని మొదలగు చేతిపనులను ఆంగ్లములో చెప్పవలెను. మతబోధ, సంగీతము, వ్యాయామము - ఇవి మాతృభాషకు మిగిలినవి. ఈ పంపకమును చూచిన ఏ ఉపాధ్యాయునికైనను పాలకుల అంతరంగము బోధపడును. ఇరువదేండ్లుగ మాతృభాషా సిద్ధాంతమును పల్లించినవారు, అవసరము కలిగినంతనే దానిని పాటకును పరుగుపందెమునకును పరిమితము చేసిరి. తెల్లపిల్లలు మాత్రము అన్ని విషయములను తమ తల్లిభాషలోనే చదువుచుండిరి.

గణితమును ఎన్నుకొనుట మిక్కిలి హానికరమయ్యెను. చరిత్రపాఠమైనచో పిల్లవాడు అర్థము కాకున్నను వల్లెవేసి గట్టెక్కును. భిన్నములను, శాతములను వల్లెవేయుటకు వీలులేదు. బోధించువానికి భాష రాదు, వినువానికి భాష రాదు. నడుమ నున్న లెక్క ఎవరికిని అందదు. దీనికి తోడు ప్రాథమికవిద్యలో ఒక తరగతిని తీసివేయుటచే 1976 ఆరంభమున రెండు తరగతుల పిల్లలు ఒక్కమారుగ ఉన్నతపాఠశాలలలోనికి వచ్చిపడిరి. గదులు లేవు, పుస్తకములు లేవు.

ఆఫ్రికాన్స్ భాషను గూర్చి ఇచ్చట ఒక మాట చెప్పుట న్యాయము. అది పుట్టుకచే పాలకుల భాష కాదు. కేప్ ప్రాంతమున డచ్చి యజమానుల యిండ్లలో పనిచేసిన బానిసలు, స్థానిక ఖోయ్ ప్రజలు, సామాన్య రైతులు కలసి మాటలాడుటలో ఆ భాష రూపు దిద్దుకొనెను. ఆ బానిసలలో ఇండోనేషియా, మడగాస్కరు, వంగదేశముల వారితో పాటు కోరమండల్ తీరము వారును కలరు. కేపులోని మహమ్మదీయులు ఆఫ్రికాన్సును అరబ్బీలిపిలో వ్రాసికొనిరి. 1902లో బోయరు యుద్ధము ముగిసిన పిమ్మట బ్రిటిషు అధికారి మిల్నరు బడులలో ఆంగ్లమును రుద్దగా, ఆఫ్రికానర్లు తమ ధనముతో వేరు పాఠశాలలు పెట్టుకొని ప్రతిఘటించిరి. 1925లో గాని వారి భాషకు అధికారభాషాప్రతిపత్తి లభింపలేదు. పరభాష బిడ్డల నోట కుక్కబడిన బాధను బాగుగ నెరిగిన జాతి, యాబదేండ్లు తిరుగకముందే అదే పనిని ఇతరుల బిడ్డలకు చేసెను. పడిన బాధ మనుష్యునికి దయను నేర్పునని ఆశించుట అన్నిచోట్లను ఫలించునది కాదు.

ఈ నియమముపై మొదట విద్యార్థులు కదలలేదు, పెద్దలే కదలిరి. మెడోలాండ్స్‌లోని త్స్వానా పాఠశాలల మండలి తమ బడులలో ఆంగ్లములోనే చెప్పవలెనని నిశ్చయింపగా 1976 ఆరంభమున ఇద్దరు సభ్యులు తొలగింపబడిరి. మిగిలినవారు రాజీనామా లిచ్చిరి. భవనములు, జీతములు ప్రభుత్వమే యిచ్చుచుండగా తెల్లప్రాంతములోని బడులలో భాషను నిర్ణయించు హక్కు తమదేనని ఉపమంత్రి ట్రూర్నిఖ్ట్ సమాధానము. అప్పటికి జోహానెస్‌బర్గు చర్చిలో డీనుగ నున్న టుటు, మే మాసమున ప్రధాని వోర్‌స్టరుకు లేఖ వ్రాసి ప్రమాదమును ముందే హెచ్చరించెను. ఆ లేఖను పాలకులు లెక్కచేయలేదు.

విద్యార్థుల చైతన్యము ఒక్కనాట పుట్టినది కాదు. తెల్లవిద్యార్థుల ఆధిక్యము గల జాతీయ విద్యార్థిసంఘము నుండి విడివడి, దర్బనులో వైద్యవిద్య చదువుచున్న స్టీవ్ బికో మొదలగువారు 1969లో దక్షిణాఫ్రికా విద్యార్థి సంస్థను నెలకొల్పిరి. నల్లవాడు మొదట తన మనస్సులోని న్యూనతను తొలగించుకొనవలెనని వారి బోధ. నల్లవారనగా ఆఫ్రికనులు మాత్రమే గాక, మిశ్రమసంతతివారు, భారతసంతతివారు గూడ నని వారు నిర్వచించిరి. భారతసంతతికి చెందిన స్ట్రీనీ మూడ్లీ, శాత్స్ కూపర్ ఈ సంస్థలో ప్రముఖులై బికో సహచరులతో పాటు రాబెన్ ద్వీపపు చెరసాలలో శిక్ష ననుభవించిరి.

1972లో టర్‌ఫ్లూప్ విశ్వవిద్యాలయపు పట్టప్రదానోత్సవమున టీరో యను విద్యార్థి బాంటు విద్యను ముఖముమీదనే విమర్శించెను, వెంటనే బహిష్కృతుడయ్యెను. ఆ టీరోకు సొవెటోలోని మోరిస్ ఐజాక్‌సన్ ఉన్నతపాఠశాలలో చరిత్ర బోధించు ఉద్యోగము దొరకెను. కొలదికాలములోనే అదియు పోయెను. అతడు బోట్స్‌వానాకు పారిపోగా 1974 ఫిబ్రవరిలో తపాలాలో వచ్చిన పొట్లము ప్రేలి మరణించెను. 1976 నాటి ఊరేగింపునకు నాయకుడైన ట్సీట్సీ మషినీని ఆ పాఠశాల విద్యార్థియే. ఒక చరిత్రోపాధ్యాయుడు కొన్ని నెలలు చెప్పిన పాఠము ఎంతదూరము పోవునో కొలుచుటకు ఏ పరీక్షాధికారికిని సాధ్యము కాదు. ఇంతలో పొరుగుదేశమగు మొజాంబిక్ 1975 జూనులోను, అంగోలా అదే సంవత్సరము నవంబరులోను పోర్చుగీసువారి నుండి స్వతంత్రములయ్యెను. సరిహద్దుల కావల నల్లవారు గెలిచిరను వార్త సొవెటో తరగతిగదులలో నిశ్శబ్దముగ వ్యాపించెను.

1976 మే 17న ఓర్లాండో వెస్ట్ మాధ్యమిక పాఠశాల పిల్లలు తరగతులను బహిష్కరించిరి. ఇతర బడులు తోడయ్యెను. జూన్ 13, ఆదివారము నాడు ఓర్లాండోలో పలుపాఠశాలల ప్రతినిధులు కూడి, బుధవారమున శాంతియుతముగ ఊరేగి ఓర్లాండో క్రీడామైదానమున సభ జరుపవలెనని నిర్ణయించిరి. ఈ సంగతి చాలమంది తల్లిదండ్రులకు తెలియదు.

బుధవారము ఉదయము పాఠశాల దుస్తులలో వేలకొలది పిల్లలు బయలుదేరిరి. వారి చేతులలోని అట్టలపై నినాదములు ఆంగ్లములో నుండెను. తాము ఆఫ్రికాన్సు చదువవలసివచ్చినచో వోర్‌స్టరు జూలూ చదువవలెనని ఒక అట్ట పరిహసించెను. నోట పాట మాత్రము తమ భాషలోనిదే: 1897లో ఎనాక్ సొంటోంగా యను బడిపంతులు షోసాభాషలో రచించిన ప్రార్థనాగీతము. ఆంగ్లములో వ్రాసినది ప్రపంచము చదువుటకు. తల్లిభాషలో పాడినది తమకు. మాతృభాషను ఆ పిల్లలు తిరస్కరించిరని ఎవరైన అనినచో ఆనాటి పాటయే దానికి సమాధానము.

విలకాజీ వీధి సమీపమున పోలీసులు అడ్డగించి, బాష్పవాయువు విసరి, కుక్కలను వదలి, పిమ్మట కాల్చిరి. మొదట కూలినవారిలో పదునైదేండ్ల హేస్టింగ్స్ ఎండ్లొవు, పండ్రెండేండ్ల హెక్టర్ పీటర్సన్ కలరు. హెక్టర్‌ను మ్బుయిసా మఖూబో యను యువకుడు చేతులపై నెత్తుకొని పరుగెత్తుచుండగా, ప్రక్కన అక్క ఆంటోయినెట్ విలపించుచు వచ్చుచున్న దృశ్యమును 'ది వరల్డ్' పత్రిక ఛాయాచిత్రకారుడు శామ్ ఎన్జిమా తీసెను. ఆ చిత్రము ప్రపంచమెల్ల ప్రాకెను. కాని అందలి వారి బ్రతుకులను అది చెడగొట్టెను. ఎన్జిమా పోలీసుల వేధింపునకు తాళలేక పత్రికావృత్తిని మాని స్వగ్రామము చేరెను. మఖూబో దేశము విడిచిపోయెను. 1978లో నైజీరియా నుండి తల్లికి వచ్చిన ఉత్తరము తరువాత అతని జాడ లేదు.

ఆనాడు పిల్లల కోపమునకు బలియైనవారు గూడ కలరు. నల్లయువకుల భావములను అధ్యయనము చేసి గ్రంథము వ్రాసిన, వారి మేలుకోరిన తెల్ల సంఘశాస్త్రజ్ఞుడు మెల్విల్ ఎడెల్‌స్టైన్ ఆ పేటలోనే పనిచేయుచు గుంపు చేతిలో చంపబడెను. ఈ సంగతిని దాచి సొవెటోను కీర్తించుట చరిత్రకు ద్రోహము. మొదటినాటి మృతులు 23 మందియని ప్రభుత్వము చెప్పెను. తదుపరి విచారణ జరిపిన సీలియే సంఘము 1977 ఫిబ్రవరి వరకు దేశమంతట 575 మంది మరణించిరని తేల్చెను.

భద్రతామండలి జూన్ 19ననే ఈ కాల్పులను ఖండించెను. జులైలో ప్రభుత్వము ఆఫ్రికాన్స్ నియమమును వెనుకకు తీసికొనెను. భాషయే కారణమైనచో కథ అంతటితో ముగియవలసినది, ముగియలేదు. ఆగస్టులో కేప్‌టౌనున మిశ్రమసంతతి విద్యార్థులు వీధులలోనికి వచ్చిరి. వారిలో అధికసంఖ్యాకులకు ఇంటిభాష ఆఫ్రికాన్సే! ఈ ఒక్క సంగతి సొవెటో తగవు ఒక భాషపై పగ కాదని నిరూపించుచున్నది. బోధనభాషను తమతో అడుగకుండ తమపై నిర్ణయించు అధికారముపై ఆ తగవు. వేలమంది యువకులు సరిహద్దులు దాటి ప్రవాసోద్యమములలో చేరిరి. 1977 సెప్టెంబరు 12న బికో పోలీసు నిర్బంధములో మరణించెను. అక్టోబరులో విద్యార్థిసంస్థలును, 'ది వరల్డ్' పత్రికయు నిషేధింపబడెను. నవంబరులో భద్రతామండలి ఆయుధముల విక్రయమును నిషేధించెను.

విదేశముల విద్యార్థులు గూడ ఊరకుండలేదు. తమ కళాశాలల మూలధనము దక్షిణాఫ్రికాలో వ్యాపారము చేయు సంస్థల వాటాలలో నుండుటను అమెరికా విద్యార్థులు ఆక్షేపించిరి. 1977లో హాంప్‌షైర్ కళాశాల ఆ వాటాలను వదలుకొనెను. బ్రిటనులో విద్యార్థులు బార్‌క్లేస్ బ్యాంకులో ఖాతాలు తెరువరాదని ఏండ్ల తరబడి ప్రచారము సాగింపగా ఆ బ్యాంకు 1986లో దక్షిణాఫ్రికా నుండి వైదొలగెను.

ఈ కథలో తెలుగువారికి గూడ కొంత భాగము కలదు. 1860 నవంబరు 16న మద్రాసు నుండి 342 మందితో దర్బను చేరిన ట్రూరో నౌక మొదలు 1911 వరకు 1,52,184 మంది భారతీయులు ఒప్పందకూలీలుగ నేటాలుకు పోయిరి. వారిలో విశాఖపట్టణము, గంజాము, ఉత్తర ఆర్కాడు జిల్లాల తెలుగువారు అనేకులు. నేడు ఒరిస్సాలోను తమిళనాటను చేరిన పల్లెల నుండి గూడ కొందరు ఆ ఓడల నెక్కిరి. బడిలో వారి పిల్లలకు లభించినది ఆంగ్లము. తెలుగు బోధన సాయంకాలపు తరగతులకును, గుడులకును, భజనగోష్ఠులకును మిగిలినది. 1931లో అచ్చట ఆంధ్రమహాసభ స్థాపితమై ఆ భారమును వహించెను. ఆంగ్లము వారి పిల్లలకు వకీలు, వైద్యుడు, ఉపాధ్యాయుడు కాగల త్రోవను చూపెను. నాలుగైదు తరములలో తెలుగు ఇంటినుండి జారిపోయెను. సొవెటో తల్లిదండ్రులు ఏ ఆంగ్లమును కోరిరో దాని వెలను నేటాలు తెలుగువారు చెల్లించి చూపిరి. వారు తప్పు చేసిరనుటకు వీలులేదు, నష్టపోలేదనుటకును వీలులేదు.

వర్ణవివక్షపాలన 1994లో అంతమయ్యెను. 1996 నాటి రాజ్యాంగము పదకొండు భాషలకు అధికారప్రతిపత్తి నిచ్చెను. 2023లో బధిరుల సంజ్ఞాభాష పండ్రెండవదిగ చేరెను. సమాజములు వాడుకొను ఇతరభాషలపై గౌరవమును పెంపొందింపవలెనని చెప్పు ఆరవ విభాగములో గుజరాతీ, హిందీ, తమిళము, ఉర్దూలతో పాటు తెలుగు పేరును కలదు. ఆంగ్లపాఠములో ఆ పేరు అక్షరదోషముతో అచ్చుపడినది. అయినను సముద్రముల కావలి రాజ్యాంగమున తెలుగు పేరు కనబడుట సామాన్యమైన విషయము కాదు. ప్రభుత్వపాఠశాలలలో తాము కోరిన అధికారభాషలో, ఆచరణసాధ్యమైనచోట, విద్యను పొందు హక్కును ఇరువదితొమ్మిదవ విభాగము పౌరుల కిచ్చినది. ఇచ్చట కోరిన అను మాటయే ముఖ్యము. 1976లో లేనిది అదియే.

కాని హక్కు చేతికి వచ్చినను పిల్లలలో అధికసంఖ్యాకులు నాలుగవ తరగతి నుండి ఆంగ్లములోనికే మారుచు వచ్చిరి. మాతృభాష యనగానే బాంటు విద్యను తలచు తల్లిదండ్రుల భయము దీనికొక కారణము. ఒక మంచి సూత్రమును చెడ్డ పాలకుడు ఉపయోగించినచో ఆ సూత్రముపై నమ్మకము తిరిగి కుదురుటకు రెండు తరములు చాలవు. భారత రాజ్యాంగములో 1956లో చేరిన 350-అ అధికరణము భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమికదశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పింపవలెనని చెప్పుచున్నది. అది వసతి గాని విధింపు కాదు. అయినను సరిహద్దుల తెలుగు పాఠశాలకు బిడ్డను తీసికొనివచ్చిన తండ్రి, ఈ చదువు ఎంతవరకు పోవును, ఆ పైన ఏమి యని అడిగినపుడు, ఆయనకు భాషాభిమానము లేదని ఉపాధ్యాయుడు విసుగుకొనుట కలదు. సొవెటో తల్లిదండ్రులు అడిగినదియు ఆ ప్రశ్నయే. పై తరగతులు, పుస్తకములు, ఉద్యోగమునకు దారి - వీనిని చూపక పిల్లలను మాత్రము కోరు పాఠశాల ఆ తండ్రికి జవాబు చెప్పజాలదు.

2024లో దక్షిణాఫ్రికా పాఠశాలల చట్టమును సవరించి బోధనభాషా నిర్ణయమున ప్రభుత్వాధికారము పెంచగా, ఈసారి కలత చెందినవారు ఆఫ్రికాన్స్ పాఠశాలల తల్లిదండ్రులు. 2025 నుండి నాలుగవ తరగతిలో మాతృభాష నాధారముగ గొన్న ద్విభాషా బోధనను ప్రవేశపెట్టుట మొదలైనది. తూర్పు కేప్ రాష్ట్రపు బడులలో షోసాభాషతో అంతకుముందే కొంత అనుభవము కలిగియుండెను. ఆంగ్లమును తీసివేయలేదు, పిల్లవాడు రెండు భాషలలోను పాఠమును చూచును, పరీక్షప్రశ్నను రెండు భాషలలోను చదువును. ఈ పద్ధతిని మొదట ప్రవేశపెట్టుచున్న విషయములలో ఒకటి గణితము.